పారిస్ వీధుల్లో పచ్చని చలివేంద్రాలు

ఎండలు ముదిరేసరికి మన ఊళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. తాటాకు పందిరి, దాని కింద తడి ఇసుక, ఇసుక మీద మూతపెట్టిన కుండలు. దారిన పోయేవారు ఆగి, దోసిలి పట్టి, కడుపునిండా నీళ్లు తాగి వెళ్తారు. నీళ్లు పోసేవారు డబ్బు అడగరు, ఏ ఊరని అడగరు. వానలు మొదలుకాగానే పందిరి విప్పేస్తారు.

ఇటువంటి చలివేంద్రాలను ఇనుముతో పోతపోయించి, నడివీధుల్లో నిలబెట్టి, నూట యాభై ఏళ్లకు పైగా నడుపుతున్న నగరం ఒకటి ఉన్నది. అది ఫ్రాన్సు రాజధాని పారిస్. వాటిని అక్కడివారు వాలెస్ ఫౌంటెన్లు అంటారు.

ఫౌంటెన్ అనగానే పార్కుల్లో రంగు దీపాల మధ్య ఆకాశంలోకి చిమ్మే నీటిధారలు మీకు గుర్తుకు రావచ్చు. ఇది ఆ రకం కాదు, తాగటానికి ఏర్పాటు చేసిన మంచినీటి ఫౌంటెన్. ముదురు ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప దిమ్మె, దాని మీద ఒకరికొకరు వీపులు చేర్చి నిలబడ్డ నలుగురు స్త్రీల విగ్రహాలు, వారి తలల మీద చిన్న గుమ్మటం. ఆ గుమ్మటం నడిబొడ్డు నుంచి సన్నని నీటిధార ఒకటి కిందనున్న తొట్టిలోకి పడుతూ ఉంటుంది. చూడటానికి అందమైన బొమ్మ. కాని దీని వెనుక ఒక యుద్ధం ఉన్నది, ఒక అంటువ్యాధి ఉన్నది, మీ పాఠ్యపుస్తకాల్లో చదివే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం మూడూ ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

నీళ్లు కొనుక్కున్న నగరం

పారిస్ నగరం మధ్యగా సేన్ నది పారుతుంది. నది ఒడ్డున ఉన్న నగరానికి నీటి కొరత ఏమిటని అనుకుంటున్నారా? కొరత నీటికి కాదు, మంచినీటికి. నగరంలోని మురుగు అంతా చివరకు చేరేది ఆ నదిలోకే. జనం తాగేదీ ఆ నీరే. బావులు ఉన్నా, వాటి పక్కనే మరుగుదొడ్ల గోతులు ఉండేవి. గోతిలోని మురికి నేలలోకి ఇంకి బావి నీటిలో కలిసేది. ఇళ్లకు కుళాయిలు లేని ఆ రోజుల్లో బకెట్లు మోసుకుంటూ, మేడమెట్లు ఎక్కి నీళ్లు అమ్మేవారు వేలమంది ఉండేవారు. డబ్బున్నవారు కొనుక్కునేవారు. లేనివారు దొరికిన నీటితో సరిపెట్టుకునేవారు.

1802 లో నెపోలియన్ ఊర్క్ అనే చిన్న నది నుంచి పారిస్‌కు కాలువ తవ్వించటానికి ఆజ్ఞ ఇచ్చాడు. కాలువ 1822 నాటికి పూర్తి అయింది. నీరు వచ్చింది కాని, పడవలు కూడా నడిచే కాలువ కనుక ఆ నీరు శుభ్రంగా ఉండేది కాదు.

1832 లో పారిస్‌లో కలరా చెలరేగింది. కొద్ది నెలల్లో 18,000 మందికి పైగా చనిపోయారు. ప్రధానమంత్రి కాజిమిర్ పెరియే కూడా ఆ వ్యాధికే బలి అయ్యాడు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. కుళ్లిన వాసన నుంచి, చెడుగాలి నుంచి రోగాలు పుడతాయని వైద్యులు సైతం నమ్మేవారు. కారణం తెలియని రోగానికి మందు ఎక్కడ వెదుకుతారు?

దూరపు ఊట నుంచి వచ్చిన నీరు

1850 తరువాత పారిస్ నగరాన్ని కొత్తగా నిర్మించే పని పెద్ద ఎత్తున సాగింది. నీటి పనులు, మురుగు కాలువల పనులు యూజెన్ బెల్‌గ్రాన్ అనే ఇంజనీరు చేతికి వచ్చాయి. నగరం పక్కన పారే మురికి నదిని తాగునీటికి నమ్ముకోవద్దనీ, ఎంత దూరమైనా వెళ్లి శుభ్రమైన ఊటనీటిని తేవాలనీ ఆయన నిశ్చయించాడు. నగరానికి తూర్పున దుయీ అనే ఊట దగ్గర నుంచి 131 కి.మీ. పొడవైన కాలువ నిర్మించాడు. 1865 లో ఆ నీరు పారిస్ చేరింది. 1874 లో వాన్ అనే మరొక నది దగ్గరి ఊటల నీరు కూడా వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. దుయీ కాలువ ప్రారంభానికీ, నగరంలో అది చేరే జలాశయానికీ ఎత్తులో ఉన్న తేడా సుమారు 20 మీటర్లు మాత్రమే. 20 మీటర్లను 131 కి.మీ. కు పంచితే, కిలోమీటరుకు ఎంత పల్లం వస్తుంది? సుమారు 15 సెం.మీ. మీ జామెట్రీ పెట్టెలోని స్కేలు పొడవు! ఒక కిలోమీటరు నడిస్తే ఒక స్కేలు పొడవు దిగే పల్లాన్ని కంటితో కనిపెట్టగలరా? నీరు మాత్రం కనిపెడుతుంది. పంపులు లేకుండా, బొగ్గు ఖర్చు లేకుండా, కేవలం గురుత్వాకర్షణ మీద ఆధారపడి ఆ నీరు పగలూ రాత్రీ నడిచి వచ్చింది.

దారిలో లోయలు అడ్డువస్తే ఏం చేశారు? నీటిని గొట్టంలో పెట్టి లోయలోకి దింపి, అవతలి గట్టు మీదకు ఎక్కించారు. నీరు పైకి ఎక్కుతుందా అని సందేహం వద్దు. ఇల్లు కట్టే తాపీమేస్త్రీ చేతిలో నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టాన్ని చూసే ఉంటారు. దాని రెండు కొసలను ఎంత దూరం జరిపినా రెండు వైపులా నీటిమట్టం ఒకే ఎత్తులో నిలుస్తుంది. గొట్టం మధ్యలో నేలకు వేలాడుతున్నా ఈ సూత్రం మారదు. లోయలో దిగిన నీరు అవతల దాదాపు అదే ఎత్తుకు ఎక్కుతుంది. అవతలి కొస కాస్త దిగువన ఉంటే చాలు, పారుతూనే ఉంటుంది.

బెల్‌గ్రాన్ చేసిన మరొక మంచి పని, నీటిని రెండు దారులుగా విడదీయటం. ఊటనీరు తాగటానికి, కాలువ నీరూ నది నీరూ వీధులు కడగటానికి, తోటలకు. రెండింటికీ వేరువేరు గొట్టాలు. ఈ రెండు గొట్టాల ఏర్పాటు పారిస్‌లో ఇప్పటికీ ఉన్నది. ఈఫిల్ గోపురం మీద చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లలో బెల్‌గ్రాన్ పేరు కూడా ఒకటి.

ముట్టడిలో చిక్కిన నగరం

1870 లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 19 న ప్రష్యా సైన్యం పారిస్‌ను చుట్టుముట్టింది. 1871 జనవరి 28 దాకా, అంటే నాలుగు నెలలకు పైగా, బయటి నుంచి తిండిగింజలు రాలేదు. జనం గుర్రాలను తిన్నారు. జంతుప్రదర్శనశాలలోని ఏనుగులను సైతం చంపి అమ్మారు. ఉత్తరాలు పంపటానికి బెలూన్లు తప్ప వేరే దారి లేదు. ముట్టడి ముగిసిన కొద్ది వారాలకే నగరంలో తిరుగుబాటు, అంతర్యుద్ధం. అది మే నెలాఖరులో రక్తపాతంతో ముగిసింది. అన్నీ అయ్యేసరికి నగరంలో ఎన్నో భవనాలు బూడిద అయ్యాయి. నీటిని తెచ్చే కాలువలు దెబ్బతిన్నాయి. నీటి ధర పెరిగింది.

నీరు ప్రియమైతే పేదవాడు ఏం తాగుతాడు? పారిస్‌లో నీటికి బదులు చౌకగా దొరికేది ద్రాక్షసారా. కూలిపని చేసి అలిసిపోయినవారికి దప్పిక తీర్చుకునేందుకు సారాదుకాణం దగ్గర, మంచినీరు దూరం అయింది. దప్పిక కోసం మొదలైన తాగుడు అలవాటుగా మారితే ఆ కుటుంబం గతి ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ సమయంలో పారిస్‌లో రిచర్డ్ వాలెస్ అనే సంపన్నుడు ఉండేవాడు. 1818 లో లండన్‌లో పుట్టిన ఆయన చిన్నతనంలోనే పారిస్ వచ్చి అక్కడే పెరిగాడు. 1870 లో హెర్ట్‌ఫర్డ్ ప్రభువు మరణించగా ఆయన అపారమైన ఆస్తి వాలెస్‌కు వచ్చింది. సరిగ్గా అప్పుడే యుద్ధం. డబ్బున్నవారు చాలామంది నగరం విడిచి వెళ్లిపోయారు. వాలెస్ వెళ్లలేదు. గాయపడ్డవారి కోసం వైద్య బృందాలను ఏర్పాటు చేశాడు, ఆకలిగొన్నవారికి సహాయం అందించాడు. ముట్టడి చివరి రోజుల్లో పారిస్ నుంచి ఎగిరిన ఒక బెలూన్‌కు ఆయన పేరే పెట్టారంటే జనం ఆయనను ఎంత అభిమానించారో ఊహించండి.

యుద్ధం ముగిశాక, నగరానికి చిరకాలం ఉపయోగపడేది ఏదైనా చేయాలని వాలెస్ అనుకున్నాడు. వీధివీధినా ఉచితంగా మంచినీరు దొరికేలా ఫౌంటెన్లు పెట్టించాలని నిశ్చయించాడు. 1872 లో మొదట 50 ఫౌంటెన్లు విరాళంగా ఇచ్చాడు. వాటిలో 40 వీధిలో నిలబెట్టే పెద్దవి, 10 గోడకు అమర్చేవి. వాటిని ఎక్కడెక్కడ పెట్టాలో నిర్ణయించిన ఇంజనీరు మరెవరో కాదు, బెల్‌గ్రానే.

నలుగురు అక్కచెల్లెళ్లు

ఫౌంటెన్ ఎలా ఉండాలో వాలెస్ స్వయంగా కొన్ని నియమాలు పెట్టాడు. దూరం నుంచి కనబడేంత ఎత్తు ఉండాలి, కాని వీధి అందాన్ని చెడగొట్టేంత పెద్దది కాకూడదు. ఉపయోగంగానూ ఉండాలి, కంటికి ఇంపుగానూ ఉండాలి. పదులకొద్దీ చేయించగలిగేంత చౌకగా ఉండాలి. గట్టిగా మన్నాలి, బాగు చేయటం తేలిక కావాలి. ఏ వస్తువును తయారుచేసే ఇంజనీరుకైనా ఈ నియమాలు పాఠంగా పనికివస్తాయి.

నమూనాను వాలెస్ గీసి ఇవ్వగా, షార్ల్ లెబూర్ అనే శిల్పి దానిని తీర్చిదిద్దాడు. పెద్ద ఫౌంటెన్ ఎత్తు 2.71 మీటర్లు, బరువు 610 కిలోగ్రాములు. గుమ్మటాన్ని మోసే నలుగురు స్త్రీలు దయ, దానగుణం, నిరాడంబరత, మితం అనే నాలుగు సుగుణాలకు ప్రతిరూపాలు. స్తంభానికి బదులు స్త్రీమూర్తిని నిలబెట్టటం ప్రాచీన గ్రీకుల నుంచి వచ్చిన పద్ధతి. మన దేవాలయాల్లో సాలభంజికలను చూసినవారికి ఇది వింతగా తోచదు.

నలుగురూ ఒకేలా ఉన్నారని పైపైన చూసి అనుకుంటాం. పరీక్షగా చూస్తే తేడాలు తెలుస్తాయి. దయ, దానగుణం కళ్లు తెరుచుకొని ఉంటాయి. నిరాడంబరత, మితం కళ్లు మూసుకొని ఉంటాయి. మోకాళ్లు వంచిన తీరు, వస్త్రాల మడతలు కూడా వేరు. తేడాలు కనిపెట్టటం అక్కడి పిల్లలకు మంచి కాలక్షేపం. నాలుగో సుగుణంగా మితాన్ని ఎంచుకోవటం ఎందుకో మీరు ఊహించే ఉంటారు. సారాదుకాణం పక్కనే మంచినీటి ధార నిలబడి, ఇటు రమ్మని పిలవాలన్నది వాలెస్ ఉద్దేశం.

పోత ఇనుమే ఎందుకు?

ఫౌంటెన్లను పోత ఇనుముతో చేశారు. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. ఇనుములో నూటికి 2 నుంచి 4 పాళ్ల కర్బనం కలిస్తే సుమారు 1200 డిగ్రీల దగ్గరే కరిగి నీళ్లలా పారుతుంది. అప్పుడు దానిని అచ్చులో పోస్తే ముక్కూ కళ్లూ, బట్టల మడతలూ అన్నీ స్పష్టంగా దిగుతాయి. అచ్చు ఒకసారి తయారైతే ఒకే రకం బొమ్మను ఎన్నిసార్లైనా పోయవచ్చు. రాతిలో చెక్కాలంటే ప్రతి బొమ్మనూ మొదటి నుంచి చెక్కాలి. వాలెస్ కోరిన చౌక, మన్నిక, అందం మూడూ పోత ఇనుముతో సాధ్యమయ్యాయి.

అయితే ఇనుముకు ఒక శత్రువు ఉన్నది, తుప్పు. తుప్పు పట్టాలంటే నీరూ గాలిలోని ఆక్సిజనూ రెండూ ఇనుముకు తగలాలి. ఫౌంటెన్‌కు ఈ రెండింటికీ కొదవ లేదు. అందుకే దానికి రంగు పూత తప్పనిసరి. పూత ఇనుముకూ తేమగాలికీ మధ్య గోడలా నిలుస్తుంది. చెట్ల ఆకుల్లో కలిసిపోయేలా ముదురు ఆకుపచ్చ రంగును ఎంచుకున్నారు. ఇప్పుడు కొన్నిచోట్ల ఎరుపు, గులాబీ, పసుపు రంగుల ఫౌంటెన్లు కూడా కనిపిస్తాయి.

ధార కిందకు పోతే సన్నబడుతుందేం?

వాలెస్ ఫౌంటెన్‌లో నీటిధార గుమ్మటం దగ్గర లావుగా, తొట్టి దగ్గర సన్నగా ఉంటుంది. మీ ఇంట్లో కుళాయిని కొద్దిగా తిప్పి చూడండి. అక్కడా ఇదే కనిపిస్తుంది. కారణం ఏమిటి?

పడే నీటి వేగం కిందకు పోయేకొద్దీ పెరుగుతుంది. కాని పైన ఒక సెకనులో ఎంత నీరు బయలుదేరిందో, కింద ఒక సెకనులో అంతే నీరు చేరాలి. మధ్యలో నీరు పుట్టదు, మాయం కాదు. వేగం పెరిగినా పారే నీరు అంతే ఉండాలంటే, ధార మందం తగ్గక తప్పదు.

లెక్క చేద్దాం. నీరు సెకనుకు 1 మీటరు వేగంతో బయలుదేరి 80 సెం.మీ. కిందకు పడిందనుకోండి. మీకు తెలిసిన సూత్రం ప్రకారం, చివరి వేగపు వర్గం = మొదటి వేగపు వర్గం + 2 × 9.8 × 0.8. అంటే 1 + 15.68 = 16.68. దీని వర్గమూలం సుమారు 4.1. వేగం నాలుగు రెట్లు అయింది కనుక ధార అడ్డుకోత వైశాల్యం నాలుగోవంతు అవుతుంది. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక ధార మందం సుమారు సగం అవుతుంది. ధార మరీ సన్నబడితే తలతన్యత దానిని బొట్లుగా విడగొడుతుంది. కుళాయి ధారను పైనా కిందా స్కేలుతో కొలిచి, మీ లెక్కకు ఎంత దగ్గరగా వస్తుందో చూడండి. కిందికి పట్టిన బకెట్టులోని నీటిని మొక్కలకు పోయటం మరువకండి!

చలికాలంలో సెలవు

మన చలివేంద్రం వేసవి పోగానే మూతపడుతుంది. పారిస్ ఫౌంటెన్లు చలికాలం రాగానే మూతపడతాయి. మామూలుగా మార్చి 15 నుంచి నవంబరు 15 వరకు పనిచేయటం వాటి సంప్రదాయం. చలికాలంలో దప్పిక వేయదనా? కాదు, గొట్టాలు పగులుతాయని.

చాలా పదార్థాలు చల్లబడేకొద్దీ కుంచించుకుపోతాయి. నీరు కూడా 4 డిగ్రీల సెంటిగ్రేడు వరకు అలాగే కుంచించుకుపోతుంది. అక్కడి నుంచి ఇంకా చల్లబడితే తిరిగి వ్యాకోచిస్తుంది. గడ్డకట్టేటప్పుడు దాని ఘనపరిమాణం నూటికి సుమారు 9 పాళ్లు పెరుగుతుంది. 100 లీటర్ల నీరు గడ్డకడితే దానికి 109 లీటర్ల చోటు కావాలి. గొట్టంలో ఆ చోటు ఎక్కడిది? గొట్టాన్ని పగలగొట్టుకొని ఆ చోటు సంపాదించుకుంటుంది. పోత ఇనుము బరువును బాగా మోస్తుంది కాని లోపలి నుంచి తోస్తే సాగదు, పెళుసుగా విరుగుతుంది. అందుకే చలి ముదరక ముందే ఫౌంటెన్ల నీరు కట్టేస్తారు.

గొలుసుకు కట్టిన గిన్నె

ఇప్పుడు అసలైన సమస్యకు వద్దాం. మొదట్లో ప్రతి ఫౌంటెన్‌కూ రెండు గిన్నెలు చిన్న గొలుసులతో వేలాడుతూ ఉండేవి. తగరం పూత పూసిన ఇనుప గిన్నెలు అవి. ఇత్తడి పాత్రలకు కళాయి పూయించటం మీకు తెలుసు కదా, ఆ పూత కూడా తగరమే. దప్పిక అయినవారు గిన్నెతో నీరు పట్టుకొని తాగి, గిన్నెను వదిలేసేవారు. తరువాత వచ్చినవారు అదే గిన్నెతో తాగేవారు. శుభ్రత కోసం గిన్నెలు ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలని వాలెస్ కోరాడు.

ఆ ఏర్పాటు ఆనాటి జ్ఞానానికి తగినట్లే ఉన్నది. 1872 నాటికి సూక్ష్మజీవులే అంటురోగాలకు కారణమన్న సిద్ధాంతం ఇంకా అందరి ఆమోదం పొందలేదు. అదే పారిస్‌లో లూయీ పాశ్చర్ దాని కోసం వాదిస్తున్నాడు. 1882 లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. 1883, 1884 లలో ఈజిప్టులోనూ, మన కలకత్తాలోనూ పరిశోధించి కలరా సూక్ష్మజీవిని గుర్తించాడు. చెరువు నీటికీ కలరాకూ గల సంబంధం ఆయనకు కలకత్తాలోనే స్పష్టపడింది.

నీరు ఎంత దూరపు ఊట నుంచి వచ్చినా, ఎంత నిర్మలంగా ఉన్నా, నోటి నుంచి నోటికి తిరిగే గిన్నె రోగాన్ని మోయగలదు. నీటిలో ముంచినంత మాత్రాన గిన్నె అంచుకు అంటుకున్న సూక్ష్మజీవులు చావవు. వేడినీటితో, సబ్బుతో కడిగితే వేరు మాట. వీధిలో అది ఎవరు చేస్తారు?

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో శామ్యూల్ క్రంబైన్ అనే వైద్యాధికారి ఈ ప్రమాదాన్ని గుర్తించాడు. రైళ్లలోనూ బడులలోనూ అందరూ ఒకే గిన్నెతో తాగే పద్ధతిని 1909 లో ఆ రాష్ట్రం నిషేధించింది. పారిస్ గిన్నెలు మాత్రం 1952 వరకు వేలాడుతూనే ఉన్నాయి. ఆ ఏడాది ప్రజారోగ్య మండలి కోరిక మీద వాటిని తొలగించారు. కాన్సస్ తరువాత 43 ఏళ్లు! నలుగురికీ అలవాటైన వస్తువు, అందులోనూ మంచిమనసుతో పెట్టిన వస్తువు, హాని చేస్తుందని ఒప్పుకోవటానికి ఎంత కాలం పడుతుందో చూశారా?

గిన్నెలు పోయినా ఫౌంటెన్ పనికిరాకుండా పోలేదు. ధార పైనుంచి పడుతుంది కనుక దోసిలి పట్టి తాగవచ్చు, సీసా నింపుకోవచ్చు. ధార ఎవరి నోటినీ తాకదు.

ఎంగిలి అనే మాట

ఈ కథ చదువుతుంటే మీకు మన ఎంగిలి గుర్తుకు వచ్చే ఉంటుంది. పెదవి తగిలించకుండా చెంబు ఎత్తి నీళ్లు నోట్లో పోసుకోవటం మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి నేర్పుతారు. ఒకరి నోటి తడి మరొకరి నోటికి తగలకుండా చేసే ఈ అలవాటు సూక్ష్మజీవుల వ్యాప్తిని కొంత ఆపుతుంది. అంతవరకు అది మేలైన అలవాటే.

కాని ఇదే ఎంగిలి, మైల అనే మాటలను అడ్డం పెట్టుకొని మన దేశంలో కొందరిని బావుల దగ్గరకు, చెరువుల దగ్గరకు రానివ్వని అన్యాయం కూడా జరిగింది. హోటళ్లలో కొందరికి వేరే గ్లాసులు పెట్టారు. దీనికి విజ్ఞానశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. సూక్ష్మజీవులు అందరి నోళ్లలోనూ ఉంటాయి. కలరా కులం అడగదు. పారిస్‌లో అది కూలివాణ్నీ చంపింది, ప్రధానమంత్రినీ చంపింది. కడగవలసినది గ్లాసును. అది ఎవరు తాగిన గ్లాసైనా సరే, ప్రతిసారీ కడగవలసిందే.

నేటికీ పారుతున్న ధార

వాలెస్ 1890 లో పారిస్‌లోనే మరణించాడు. ఆయన దగ్గర ఉన్న చిత్రాలు, కళాఖండాలు లండన్‌లో వాలెస్ సంగ్రహం పేరుతో ప్రదర్శనశాలగా ఉన్నాయి. అవి ఎన్నో కోట్ల విలువ చేస్తాయి. అయినా పారిస్‌లో సామాన్యుడు ఆయన పేరు పలికేది నీళ్ల దగ్గరే. ఇతర నగరాలూ ఈ ఫౌంటెన్లను తెచ్చి పెట్టుకున్నాయి. ఉత్తర ఐర్లండులోని లిస్బర్న్ పట్టణానికి వాలెస్ స్వయంగా కొన్ని ఇచ్చాడు.

పారిస్‌లో నేడు వందకు పైగా వాలెస్ ఫౌంటెన్లు ఉన్నాయి. వాటిలో పారేది ఇళ్ల కుళాయిలకు వచ్చే నీరే, క్రమం తప్పకుండా పరీక్ష చేసిన నీరు. ఇంటింటా కుళాయి ఉన్న నగరంలో వీధి ఫౌంటెన్ ఎవరికి కావాలి? ఇల్లు లేనివారికి కావాలి, దారిన పోయే ప్రయాణికులకు కావాలి. వేసవిలో అందరికీ కావాలి. 2003 ఆగస్టులో ఫ్రాన్సులో వీచిన వేడిగాలులకు సుమారు 15,000 మంది, ముఖ్యంగా వృద్ధులు, మరణించారు. చల్లని దేశం కదా అని అనుకున్నవారికి అది పెద్ద హెచ్చరిక. చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. పోయిన నీటిని తాగి భర్తీ చేయకపోతే చెమట తగ్గి ఒంటి వేడి పెరుగుతుంది. వడదెబ్బ కొట్టిన మనిషికి మంచినీటి ధార ఎంత దూరంలో ఉన్నదనేది ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న.

ఈసారి మీ ఊరి చలివేంద్రం దగ్గర ఆగినప్పుడు దప్పిక తీర్చుకోవటంతో పాటు కొన్ని సంగతులు గమనించండి. నీరు ఎక్కడి నుంచి తెస్తున్నారు? కుండలకు మూతలు ఉన్నాయా? నీరు తీసే గరిటెకు పొడవైన కాడ ఉన్నదా, లేక చేతివేళ్లు నీటిలో మునుగుతున్నాయా? గ్లాసులు దేనితో కడుగుతున్నారు? మీ బడిలో నీళ్ల తొట్టికి గొలుసుతో కట్టిన గ్లాసు ఏదైనా ఉన్నదా? ఉంటే, దాని గురించి మీ ఉపాధ్యాయులతో మాట్లాడండి. ఎవరి సీసా వారు తెచ్చుకోవటం, గ్లాసులను సబ్బుతో కడిగే వంతులు వేసుకోవటం ఖర్చు లేని పనులు. పారిస్‌కు 1952 దాకా పట్టిన పనిని మీరు రేపే చేయవచ్చు.